తేనెపూత

"సంతకం ఎవరు పెట్టారయ్యా అంటే నీళ్ళు నములుతావేం?"

గుమ్మంలో మాస్టారి గొంతు ఖంగుమంది. వంటింట్లో కోడలు తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"నమలడానికైనా నీళ్ళివ్వాలి కదండీ. ఎండలో పడి వచ్చాను," అన్నాడు పోస్టుమాన్. పదిహేనేళ్ళుగా ఆ వీధికి ఉత్తరాలు మోస్తున్న మనిషి. మాస్టారి దగ్గర ఆ మాత్రం చనువుంది. ఇవాళ మాత్రం అది చెల్లలేదు.

"వేళాకోళాలొద్దు. రెండు నెలల కిందట నా శిష్యుడు పంపిన పుస్తకం. రిజిస్టరు పార్సెలు. పొద్దున వాడు ఫోన్ చేసి 'పుస్తకం చూశారా మాస్టారూ?' అనడిగితే 'ఏ పుస్తకంరా?' అన్నాను. వాడేమనుకుంటాడు? ముసలాడికి మతి చెడిందనుకోడూ?"

"పార్సెలు ఇచ్చానండీ. ఇటుకంత బరువుంది, మర్చిపోతానా? ఈ గుమ్మంలోనే ఇచ్చాను."

"ఎవరికి?"

పోస్టుమాన్ ఒకసారి వంటింటి వైపు చూశాడు. కిటికీలోంచి వచ్చిన ఆ చూపు చురుక్కుమని వీపుకు తగిలినట్టయింది కోడలికి.

"కోడలుగారికండీ. ఆవిడే సంతకం పెట్టారు."

"అమ్మాయ్!"

కోడలు తడిచేతులతోనే వచ్చి నిలబడింది. చేతులు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"రెండు నెలల కిందట నువ్వేమైనా పార్సెలు తీసుకున్నావా?"

"గుర్తులేదు మామయ్యా," అంది.

అంత తేలిగ్గా నోట్లోంచి జారిపోతుందని ఆమె కూడా అనుకోలేదు. అన్నాక నాలుక వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ, అప్పటికే మాస్టారు పోస్టుమాన్ మీదకి తిరిగిపోయారు.

"విన్నావా? నా కోడలు అబద్ధమాడే మనిషి కాదు. బొమ్మకి గళ్ళు గీసేటప్పుడు వెంట్రుకవాసి తేడా వస్తే, నేను పట్టుకోకముందే తనే చెప్పి చెరిపేసే పిల్ల. పార్సెలు ఎక్కడ పారేసుకున్నావో గానీ, ఆ నింద తెచ్చి నా ఇంటి పిల్ల మీద పెడతావా? సాయంత్రం నేనే వచ్చి మీ పోస్టుమాస్టరుకి కాగితం ఇస్తాను."

పోస్టుమాన్ కోడలి మొహంలోకి చూశాడు. ఒక్క క్షణమే. తిడితే బాగుండుననిపించింది ఆమెకి. తిట్టలేదు.

"సరేనండీ. పెద్దవారు, మీ ఇష్టం," అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళు అడిగినవాడికి నీళ్ళయినా ఇవ్వలేదని అతను మలుపు తిరిగాక గుర్తొచ్చింది కోడలికి. దొంగకి తేలు కుడితే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ సామెతలో వినడమే. ఇవాళ ఒళ్ళంతా తెలిసింది.

*

ఆ పుస్తకం ఇంట్లోనే ఉంది. ఆమె గదిలో, చలికాలం దుప్పట్ల పెట్టె అడుగున.

అందులో ఏముందో తెలియాలంటే ముందు ఆ ఇంటి ముందుగది గోడ చూడాలి. గోడ మీద ఒక అచ్చుబొమ్మ. అయిదువందల ఏళ్ళ కిందటి పునరుజ్జీవన కాలపు మహాచిత్రకారుడు వేసిన బొమ్మకి అచ్చు. కిటికీ పక్కన శాలువా కప్పుకుని కూర్చున్న ఒక పడుచుపిల్ల. చిత్రకారుణ్ణి ఆ ఇంట్లో 'పెద్దాయన' అంటారు. పిల్లని 'గోడావిడ' అంటారు. పెద్దాయన అసలు బొమ్మని మాస్టారు జన్మలో చూసింది లేదు. పాతికేళ్ళ వయసులో పాత పుస్తకాల కొట్లో దొరికిన ఈ అచ్చే ఆయనకి బడి, గురువూను.

నలభై ఏళ్ళుగా ఎవరు ఆయిల్ రంగులు నేర్చుకుంటామని వచ్చినా ముందు గోడావిడ దగ్గరే కూర్చోవాలి. గళ్ళు గీసి, బొగ్గుతో గీతలు దించి, మట్టిరంగుతో అడుగుపూత వేసి, పొర మీద పొర ఎక్కించుకుంటూ రావాలి. చిట్టచివర మాస్టారు దగ్గరుండి వేయించేది ఒకటుంది. గోధుమరంగులో కాస్త పసుపుమన్ను కలిపి, నూనెలో పల్చగా చేసి, మొహం నుంచి ఆకాశం దాకా బొమ్మంతా పూయాలి. దానికాయన పెట్టుకున్న పేరు తేనెపూత. "ఈ తేనెరంగే పెద్దాయన గొప్పతనం. ఇది పట్టుకున్నవాడే చిత్రకారుడు. మిగతావాళ్ళు గోడలకి సున్నాలు వేసుకోవాలి," అనేవారు.

ఆదివారం పాతశిష్యులంతా కలిసి ఆయనకి సన్మానం చేస్తున్నారు. హాలు మాట్లాడారు. నలభైమంది వేసిన నలభై గోడావిడల్ని వరసగా గోడకి తగిలిస్తారు. నడిమధ్యన కోడలు వేసింది.

"నలభై ఏళ్ళలో ఇంత నిక్కమైన నకలు చూడలేదు," అన్నారు మాస్టారు దాన్ని చూసి. ఎందుకనరు? పాతబడిన బొమ్మలో రంగు బీటలిచ్చిన పగుళ్ళు కూడా వదలకుండా, మూడు వెంట్రుకల కుంచెతో నెలరోజులు కూర్చుని గీసింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోదిగా పుట్టి, చదువులో మొద్దు, పనిలో మొద్దు అనిపించుకుంటూ పెరిగి, 'బాగా చేశావు' అన్నమాట ముప్పై అయిదేళ్ళు నిండాక మొదటిసారి విన్నది ఆ ముందుగదిలోనే.

*

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త చెప్పులు విప్పుతూనే, "ఒకసారి గదిలోకి రా," అన్నాడు. తలుపు దగ్గరగా వేశాడు.

అతను మాస్టారి ఒక్కగానొక్క కొడుకు. రంగుల కొట్లో పని. గోడలకి వేసే రంగులు కలిపిస్తాడు. మిషను కలిపిన రంగు నచ్చనివాళ్ళు కూడా అతను కంటితో చూసి కలిపింది మారుమాట్లాడకుండా పట్టుకెళ్తారు.

జేబులోంచి ఫోన్ తీసి ఆమె కళ్ళముందు పెట్టాడు. పోస్టాఫీసు రిజిస్టరు ఫొటో. దాంట్లో ఆమె సంతకం, ముత్యాలకోవలా.

"పోస్టుమాన్ మా కొట్టు దగ్గరికి వచ్చాడు. 'అన్నా, మీ నాన్నగారు నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉన్నారు, ఇది చూడు' అన్నాడు. పదిమందిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు. ఏంటే ఇది?"

ఆమె పెట్టె మూత తీసి, దుప్పట్లు పక్కన పెట్టి, పార్సెలు కట్టు విప్పి, పుస్తకం అతని చేతిలో పెట్టింది.

మధ్యలో ఒక చీటీ బయటికి కనిపిస్తోంది. అక్కడ తెరిచాడు. ఎడమ పేజీలో వాళ్ళ గోడావిడ. అదే తేనెరంగు, అవే పగుళ్ళు. కుడి పేజీలోనూ గోడావిడే. కానీ మొహం గులాబీ తెలుపు. దవడ కింద నీడ లేతనీలం. నలభైమందీ గోధుమరంగులో వేసిన శాలువా నిగనిగలాడే ఆకుపచ్చ. కిటికీలో ఆకాశం పట్టపగటి ఆకాశంలా ఉంది.

చీటీలో, పుస్తకం పంపిన పొడుగోడి చేతిరాత. మాస్టారి శిష్యుల్లో అందరికన్నా పొడుగు, అందుకని ఆ పేరు. ఇప్పుడు మ్యూజియంలో పాత బొమ్మలు శుభ్రం చేసే పని చేస్తున్నాడు.

"మాస్టారూ, మన గోడావిడకి ఇన్నాళ్ళకి స్నానం చేయించారు. ఆ పసుపు పెద్దాయన వేసింది కాదట. పైన కాపాడ్డానికి పూసిన వార్నిష్ ముసలిదై, పొగపట్టి అలా అయిందట. తుడిస్తే లోపల ఇది. చూసి మీరు ఏమంటారో వినాలనుంది."

భర్త మంచం మీద కూర్చుండిపోయాడు. పేజీ మీద వేలు పెట్టలేదు. రంగులకి కాస్త దూరంగా, గాల్లో వేలు ఆడించాడు.

"నీలంలో తెలుపు... రవ్వంత ఆకుపచ్చ," అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత గొంతు మారింది. "నాకు పన్నెండేళ్ళప్పుడు ఆకాశం నీలంగానే వేశాను. తెలుసుగా నీకు?"

తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు. శిష్యులందరి ముందూ మాస్టారు టర్పెంటైను గుడ్డతో ఆ ఆకాశం తుడిచేసి, 'వీడికి రంగుల కన్ను లేదు' అన్నారట. ఆ గదిలో అతను మళ్ళీ కుంచె ముట్టలేదు.

"నువ్వు ఇది రెండు నెలలు దాచావు. ఎందుకు?"

"మామయ్య తట్టుకోలేరని. సన్మానం అయ్యాక చూపిద్దామని."

"ఆదివారం పొడుగోడు వస్తున్నాడు. ముందు వరసలో కూర్చుంటాడు. వాడు నోరు మూసుకుంటాడా?"

"అందుకే, మీరే వెళ్ళి వాడితో ఒక మాట..."

"నేనెందుకు చెప్తాను?" పుస్తకం మూశాడు. "దాన్ని దాచిన చోటే దాచు. పోస్టుమాన్ సంగతి నేను సర్దిచెప్తాను. ఆదివారమే తెలియనీ. నలుగురిలో. నన్ను నలుగురిలోనే కదా తుడిచింది?"

"అది తప్పండీ. ఆయన మీ నాన్న."

"తప్పొప్పుల గురించి నువ్వు చెప్పకు! ఒక బీదవాడి మీద దొంగతనం మోపి గిన్నెలు తోముకుంటున్నావ్."

ఆమె మొహం మాడిపోయింది.

"ఏంటర్రా ఆ గొణుగుడు? భోజనాలు చల్లారిపోతున్నాయి," అంటూ అత్తగారు తలుపు తోసుకుని వచ్చేశారు. ఆవిడకి తలుపు తట్టే అలవాటు లేదు. నా ఇంట్లో నేను తలుపు తట్టేదేంటి అంటారు.

భర్త పుస్తకం వెనక్కి పెట్టుకోబోయాడు. అత్తగారు చేయి చాచారు. అంతే. నలభై ఏళ్ళవాడు పదేళ్ళవాడిలా ఇచ్చేశాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఎడమ పేజీ చూశారు, కుడి పేజీ చూశారు. చీటీ చదివారు. మళ్ళీ కుడి పేజీ చూశారు.

"ఇదేంటి, ఇక్కడ పిట్టుంది!"

ముగ్గురూ వంగారు. నిజమే. కిటికీ గట్టు మీద, ఇన్నేళ్ళూ నల్లటి మరకలా కనిపించిన చోట, బూడిదరంగు పిట్ట ఒకటి తల తిప్పి చూస్తోంది. రెండు నెలలుగా ఆ పుస్తకం దగ్గరుంచుకున్న కోడలికి కూడా అది కనబడలేదు. ఆమె ఆ పేజీ చూసింది పార్సెలు వచ్చిన రోజు ఒక్కసారే.

"నలభైమంది వేశారు. ఒక్కడూ పిట్టని వెయ్యలేదు," అన్నారు అత్తగారు. ఆ తర్వాత మంచం అంచున కూర్చున్నారు. "మీ మామగారు నా బొమ్మలు ఇప్పటికి ఏడు వేశారు. నువ్వు వేసిందాంతో ఎనిమిది. ఒక్కదాంట్లోనూ నేను ఆరోగ్యంగా లేను. మొన్న నువ్వు వేసింది చూసి పక్కింటి పిన్నిగారు 'వదినా, కామెర్లా? డాక్టరుకి చూపించుకున్నావా?' అంది. ఆయన కంటికి నేనింతేనేమో, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాగే కనబడుతున్నానేమో అనుకుని ఊరుకున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియని మాట. ఎవరూ ఏదీ చెయ్యలేదు.

"ఇది ఎప్పుడొచ్చింది?" అన్నారు అత్తగారు కోడలితో.

"రెండు నెలలయింది అత్తయ్యా."

"మరి పోయిన వారం ఆ పళ్ళ డాక్టరుగారి భార్య, పాపం, కూతురి బొమ్మ వేసుకుంటుంటే, 'తేనెపూత వెయ్యందే బొమ్మ పూర్తి కాదండీ' అని నువ్వే పక్కన నిలబడి పూయించావు. ఆవిడ వద్దు, పిల్ల మొహం మురికిగా కనిపిస్తోంది అంటున్నా వినలేదు. అప్పటికి ఈ పుస్తకం నీ దగ్గరే ఉందిగా?"

కోడలు నేల చూసింది.

"మామయ్య బాధపడతారని దాచానత్తయ్యా."

"అంతేనా?"

ఒక్క ముక్క. సూదిమొనలా ఉంది.

అంతే కాదు. అది ఆమెకి ఆ మొదటి రోజునుంచీ తెలుసు. రంగుల ట్యూబులేమో అనుకుని పార్సెలు విప్పిన ఆ పూట, కుడి పేజీ చూడగానే ఆమెకి ముందు గుర్తొచ్చింది మామయ్య కాదు. తను నెలరోజులు కళ్ళు చిల్లులు పడేలా కూర్చుని గీసిన పగుళ్ళు. నలభైమందిలో అందరికన్నా నమ్మకంగా మురికిని దించింది తనే. ఈ పేజీ ఒక్కసారి ఆ ముందుగదిలోకి వెళ్తే 'నిక్కమైన నకలు' అన్నమాట కాస్తా గాలికి పోతుంది. నడిమధ్య చోటూ పోతుంది. మనసు ఇంకా తర్జనభర్జన పడుతుండగానే చేతులు పార్సెలు మళ్ళీ కట్టేశాయి. మామయ్య కోసం అన్న సాకు సాయంత్రానికి గానీ పుట్టలేదు. పుట్టాక మాత్రం ఇంటిబిడ్డలా ముద్దుగా పెరిగింది.

"అంతే అత్తయ్యా," అంది.

అత్తగారు లేచారు. "పదండి, ఇద్దరూ. భోజనాలు తర్వాత."

"అమ్మా, ఆదివారం దాకా ఆగితే..."

"ఆగితే ఏమవుతుందో తలుపు అవతల నుంచి విన్నాన్రా. నిన్ను కన్నందుకు అప్పుడే సిగ్గుపడ్డాను. ఇంకోసారి పడనివ్వకు."

*

మాస్టారు ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని పోస్టుమాస్టరుకి ఫిర్యాదు రాస్తున్నారు. చెయ్యి వణుకుతుంది కనక అక్షరాలు పెద్దపెద్దగా, వంకరగా పడుతున్నాయి. మామూలుగా అయితే ఆయన ఉత్తరాలన్నీ కోడలే రాస్తుంది. ఇది మాత్రం తనే రాయాలని పట్టుబట్టారు. 'మా కోడలి మీద అభాండం వేసినందున' అన్న చోట కలం ఆగింది.

అత్తగారు ఆ కాగితం మీదే పుస్తకం తెరిచి పెట్టారు. పక్కన చీటీ.

"ఏమిటోయ్ ఇది?"

"మీ పార్సెలు."

మాస్టారు ముందు బొమ్మ చూశారు. చీటీ తర్వాత. ఆయన లేచి భూతద్దం తెచ్చుకున్నారు. గోడ దగ్గరికి వెళ్ళి అచ్చుబొమ్మ చూశారు. బల్ల దగ్గరికి వచ్చి కుడి పేజీ చూశారు. మళ్ళీ గోడ దగ్గరికి. అలా మూడుసార్లు. మూడోసారి వచ్చాక బొటనవేలు ఎడమ పేజీలో గోడావిడ చెంప మీద పెట్టి, పిల్ల మొహానికంటిన మసి తుడిచినట్టు మెల్లిగా రాశారు. అచ్చురంగు. పోదు.

"ఆదివారం ఎంతమంది వస్తారు?" అన్నారు, ఎవరినీ చూడకుండా.

"నలభైమందీ," అన్నారు అత్తగారు.

"ఒక్కొక్కడి చేతా పూయించాను. పూయనన్నవాణ్ణి పంపించేశాను." భూతద్దం బల్ల మీద పెట్టేశారు. "నలభైమంది చేత మురికి పూయించానోయ్. దానికి తేనె అని పేరు పెట్టాను."

ఆయన తలెత్తి కొడుకుని చూశారు. కోడలు కూడా చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మొహం ఈ ఒక్క ఘడియ కోసమే ఎదురుచూసింది. చెప్పుకోవడానికి కడుపులో ఎన్ని మాటలు దాచుకుని ఉంటాడో!

"నువ్వు వేశావురా," అన్నారు మాస్టారు. "పన్నెండేళ్ళకే. నేను తుడిచేశాను."

భర్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు, తీశాడు.

"నాకు తెలిసి వెయ్యలేదు నాన్నా. నీలం ట్యూబు కొత్తది. నొక్కితే సరదాగా వస్తోందని అంతా అదే పులిమేశాను. అంతే."

అది నిజమో, తండ్రి మొహం చూడలేక అప్పటికప్పుడు అల్లిందో కోడలికి తెలియలేదు. మాస్టారికి తెలిసినట్టుంది. కొడుకు మోచెయ్యి పట్టుకున్నారు. వదిలెయ్యడానికి కాస్త సమయం పట్టింది.

"ఇది రెండు నెలల కిందట వచ్చిందన్నాడు వాడు," అన్నారు చివరికి. "ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

భర్త చూపు కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్?"

"నా దగ్గరే మామయ్యా. సంతకం నాదే. పోస్టుమాన్ అబద్ధం చెప్పలేదు."

మాస్టారు ఆ మాట వెంటనే నమ్మలేదు. నమ్మాక కుర్చీలో వెనక్కి వాలారు.

"అతన్ని నా చేత తిట్టించావా?"

"తప్పయింది మామయ్యా."

"ఎందుకమ్మా? ఎందుకు దాచావు?"

ఇప్పుడు చెప్పెయ్యాలి. నోరు తెరిచింది కూడా. కానీ పక్కనుంచి భర్త అందుకున్నాడు. ఇందాక గదిలో తను అన్న మాటలకి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నవాడిలా, గబగబా.

"మీరు బాధపడతారని నాన్నా. సన్మానం అయ్యేదాకా మీకు తెలియకూడదని. నన్ను కూడా బతిమాలింది. దాని తప్పేం లేదు. మీ కోసమే అంత భారం మోసింది."

మాస్టారు కోడలి వైపు చూశారు. ఆ కళ్ళలో కోపం కరిగి ఇంకేదో నిండింది. దానికన్నా కోపమే నయమనిపించింది ఆమెకి.

"నేను ఇంత తట్టుకోలేనివాణ్ణనుకున్నావా, పిచ్చిపిల్లా?" అన్నారు. "సొంతబిడ్డకి ఉండదు ఇంత ఆపేక్ష. రెండు నెలలు! లోపల ఎంత కుమిలిపోయావో!"

ఆమె అత్తగారి వైపు చూడకూడదనుకుంది. చూసింది. అత్తగారు కిటికీ పక్కన, బొమ్మ కోసం రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, ఆమెనే చూస్తున్నారు. ఆ చూపులో తిట్టు లేదు, దీవెనా లేదు. కాపలా ఉంది.

మాస్టారు ఫిర్యాదు కాగితం నాలుగు ముక్కలు చేశారు. ఒక్కసారిగా మనిషికి ఎక్కడిదో ఓపిక వచ్చినట్టు లేచి నిలబడ్డారు.

"ముందు నేను పోస్టాఫీసుకి వెళ్ళాలి. ఆ పోస్టుమాన్‌కి చేతులు జోడించి చెప్పాలి. నువ్వూ రావాలమ్మాయ్. ఆ పని అయ్యాక ఫోన్లు చెయ్యండి. ఆదివారం ఎవరి బొమ్మ వాళ్ళని తెచ్చి తగిలించమనండి, ఒక్కటీ మానొద్దు. ఈ పుస్తకం నేను వేదిక మీద అందరికీ చూపిస్తాను."

"సన్మానం మానుకుంటే పోదా నాన్నా?" అన్నాడు భర్త.

"నలుగురిలో నేర్పిన తప్పు నలుగురిలోనే దిద్దాలిరా. దొడ్డిదారిన దిద్దితే అది దిద్దడం కాదు." అని కోడలి వైపు తిరిగారు. "వేదిక మీద నాకు గొంతు రాకపోవచ్చు. కాగితం మీద ఉంటే చూసి చదువుతాను. కూర్చో. నీ చేత్తో రాయి, నీ అక్షరం అయితే తడబడను."

ఆమె కూర్చుంది. కాగితం సర్దుకుంది. కలం పట్టుకుంది.

మాస్టారు గది ఈ చివరనుంచి ఆ చివరకి నడుస్తూ చెప్పసాగారు. పొడుగోడి పుస్తకం గురించి చెప్పారు. వార్నిష్ గురించి, పిట్ట గురించి చెప్పారు. కొడుకు ఆకాశం గురించి చెప్పేటప్పుడు నడక ఆగింది, మాట ఆగలేదు. భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఒక్క మాట వదలకుండా రాస్తోంది. నకలు దించడం ఆమెకి వచ్చిన విద్య.

"ఇంకొక్క మాట రాయమ్మా," అన్నారు మాస్టారు, ఆమె కుర్చీ వెనక ఆగి. "నా తప్పు నాకు తెలిస్తే నా గుండె పగులుతుందని, రెండు నెలలపాటు ఆ నిజాన్ని తన కడుపులో దాచుకుని, నా కోసం నిందపడడానికి కూడా సిద్ధపడిన నా కోడలికి మీ అందరి ముందూ..."

కలం ఆగిపోయింది. సిరా ఒక్కచోటే దిగి చుక్క పెద్దదవుతోంది.

కిటికీ దగ్గర అత్తగారు కదల్లేదు. మాస్టారు వంగి, వణికే చెయ్యి ఆమె భుజం మీద వేశారు.

"రాశావా అమ్మాయ్?"